వెనక సీటుకు గాలి

1983 అక్టోబరు. మహర్నవమి, శనివారం. ఆదోని.
ఉన్నవారు: నేను, మోటారు ఎలక్ట్రీషియన్ దస్తగిరి, ఆయన భార్య ఖాజాబీ.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇట్లా మొదలవుతుంది. ముందు తేదీ, తరవాత ఆ రోజు నాతో ఉన్నవాళ్ళ పేర్లు రాయడం ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నాకు అలవాటు. నా భార్య శారద పోయాక చాలా పేజీల్లో ‘ఉన్నవారు: నేను’ అని ఒక్క ముక్కే ఉంటోంది. ఆ పైన వంటకు ఏం చేసుకున్నానో, వాన పడిందో లేదో రాసి మూసేస్తున్నాను.

అనంతపురం నుంచి నేను బయలుదేరింది ఎమ్మిగనూరుకు. అక్కడ నా స్నేహితుడు వెంకోబరావు ఉన్నాడు. ఒకప్పుడు ఆదోనిలో ఒకే బడిలో పనిచేశాం. నేను లెక్కలు, అతను తెలుగు. అతని భార్య కమలమ్మ కూడా పోయింది. పిల్లలు లేరు. తరవాత ఎమ్మిగనూరుకు బదిలీ అయ్యాడు. రిటైరయ్యాక కూడా అక్కడే మగ్గాల వీధిలో బాడుగ ఇంట్లో ఉండిపోయాడు. ఉబ్బసం ముదిరింది. పత్తి మిల్లులు మొదలైతే గాలిలో నూగు, మిగిలిన కాలమంతా దుమ్ము. మా ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, వచ్చి నాతో ఉండిపొమ్మని చాలాసార్లు అడిగాను. ఈసారి సరేనన్నాడు. కానీ విజయదశమి నాడే కదులుతానన్నాడు. ఆ రోజు ఊరి పొలిమేర దాటడం, అంటే సీమోల్లంఘన, వాళ్ళ ఇంట్లో తరతరాల ఆచారం. ఏ కొత్త ప్రయాణమైనా ఆ రోజే.

ఇబ్బందల్లా నా కారులోనే. దుమ్ము తగలకూడదు, అద్దాలు ఎత్తి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడు. అద్దాలు ఎత్తితే వెంకోబరావుకు ఊపిరాడదు. టాక్సీలవాళ్ళు ముందు బిగించుకునే చిన్న ఫ్యాను ఒకటి కొన్నాను. అది తగిలించడానికి కారులో ఉన్న పాయింటు ఒక్కటే, స్టీరింగు పక్కన. అతను దిండ్లు పెట్టుకుని వాలేది వెనక సీటులో. వైరు అంత దూరం రాదు. వెనక్కు ఇంకొక పాయింటు కావాలి. అనంతపురం మెకానిక్ రేపంటూ మాపంటూ పండగ దాకా తెచ్చాడు. పాత ఊరు కదా, ఆదోనిలో చేయించుకోవచ్చులే అని బయలుదేరాను.

ఆదోని: పూజలో ఉన్న స్పానర్లు

మహర్నవమి అంటే ఆయుధపూజ అని తెలియనివాణ్ణి కాను. కానీ మా కాలనీలో ఆ రోజు సైకిలుకు బొట్టు పెట్టి ఊరుకుంటారు. ఆదోనిలో అట్లా కాదు. మోటారు షాపులన్నీ తెరిచి ఉన్నాయి, పని మాత్రం ఎక్కడా లేదు. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, సుత్తులు కడిగి, పలక మీద వరసగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టారు. మరునాడు పూజ దించేదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. మూడు షాపుల్లో అడిగాను. ముగ్గురూ కూర్చోబెట్టి ప్రసాదం పెట్టి పంపారు. పని దొరకలేదు గానీ జేబు నిండా బొరుగులు, పప్పులు, కొబ్బరి ముక్కలు చేరాయి.

నాలుగో షాపు దస్తగిరిది. యాభై దాటిన మనిషి, టైరు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఆ ఏడు దసరా, పీర్ల పండగ పక్కపక్కనే వచ్చాయి. వీధి చివర పీర్ల చావడి దగ్గర డప్పులు మోగుతున్నాయి. ఇక్కడైనా పని అవుతుందని ఆశపడ్డాను. లోపలికి చూస్తే ఇక్కడా పలక, పసుపు, బంతిపూలు.

“మా ఉస్తాద్ ఆచారి సామీ,” అన్నాడు నా చూపు కనిపెట్టి. “ఆయప్ప నేర్పిండే పని, ఆయప్ప పెట్టిండే పద్ధతి. పని ఉంచుకోని పద్ధతి ఇడిసిపెడితే బాగుండదు.”

ఎవరి కోసమో, రేపే ఎందుకు పోవాలో చెప్పాను. మనిషి ఊపిరి సంగతి అనేసరికి బీడీ ఆర్పేశాడు. కొంతసేపు ఆలోచించి, బండిలో మీ సామాన్లేమన్నా ఉన్నాయా అని అడిగాడు. నా డిక్కీలో ఖాకీ గుడ్డలో చుట్టిన పట్టకారు, స్క్రూడ్రైవర్లు, టెస్టరు ఎప్పుడూ ఉంటాయి. తెచ్చి పరిచాను.

“వీటికి పూజ అయిందా?”

కాలేదన్నాను.

“అయితే ఇవి డ్యూటీలో ఉండాయి. నా చేతులకే ఈ పొద్దు సెలవ. పట్టుకునేదెవురు మరి?”

నేనే పట్టుకుంటానన్నాను. నా కళ్ళద్దాల నుంచి పంచె అంచు దాకా ఒకసారి చూశాడు. ఏం పని చేసేవారని అడిగితే లెక్కల అయివారినని చెప్పాను. ఆ మాటకు లోపలి నుంచి ఖాజాబీ నవ్వడం వినిపించింది.

“నలపై ఏండ్లు సెప్పినోల్లు. సెప్పితే ఇంటారో లేదో,” అన్నాడు దస్తగిరి.

పని మొదలుపెట్టాం. మొదలుపెట్టాం అనడం మర్యాదకు. నేను కారు కింద, సీటు కింద, బానెట్టు కింద. ఆయన టైరు మీద. పాత కారు నుంచి తీసిన పాయింటు ఒకటి, ఎర్ర వైరు, నల్ల వైరు కాలి వేలితో చూపించి తెప్పించాడు. బ్యాటరీ దగ్గర వైరు పట్టు, దగ్గర్లోనే ఫ్యూజు పెట్టు, ఇంజను వేడికి తగలకుండా అంచు వెంట లాగు, రబ్బరు చాప కింద నుంచి ముందు సీటు వెనక్కు తీసుకురా. ఎక్కడ వంచాలో, ఎక్కడ వదులుగా వదలాలో చేతులు వెనక్కు కట్టుకుని చెప్పాడు. రెండుసార్లు అలవాటు కొద్దీ చెయ్యి ముందుకు వచ్చింది. రెండుసార్లూ తొడ కింద పెట్టుకున్నాడు.

ఖాజాబీ పళ్ళెంలో మలీద తెచ్చింది. బెల్లం కలిపి నలిపిన రొట్టె అది, పీర్లకు చదివించింది. నా చేతులకు గ్రీజు ఉందని ఆకులో పెట్టి పక్కన ఉంచింది.

“ముట్టుకోకుండా పని సెప్పేది ఈయప్పకు బాగా తెలుసు సామీ,” అంది. “మీకు ఈ పొద్దే. నాకు ఏడాది పొడుగునా ఇదే.”

ఎర్ర వైరు బ్యాటరీకి, నల్ల వైరు కారు ఇనుముకు అని దస్తగిరి చెప్పాడు. ముందు సీటు అడుగున రంగు గీకి, నల్ల వైరును స్క్రూతో బిగించాను. ఫ్యాను తగిలించి స్విచ్చి వేశాను. గిర్రున తిరిగింది. నాకు పిల్లవాడు లెక్క సరిగ్గా చేసి చూపించినంత సంతోషం అయింది. వెనక సీటులో కూర్చుని మొహం పెట్టాను. గాలి లేదు. ఫ్యాను చూస్తే జోరుగా తిరుగుతోంది. ఆదోని గాలిలో ఎప్పుడూ తేలే పత్తి నూగు ఒకటి సీటు మీద ఉంటే తీసి ఫ్యాను ఎదుట పట్టాను. ఎగిరి నా మీదికి రావాల్సింది పోయి ఫ్యాను జాలీకి అతుక్కుపోయింది. గాలి ఫ్యాను వెనక్కు పోతోంది.

దస్తగిరి లేచి వచ్చాడు. జాలీకి అతుక్కున్న నూగు చూశాడు.

“సామీ, ఇది యా కాలం బండి?”

చెప్పాను. తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. కొత్త బండ్లలో మైనస్సు ఇనుముకు కలిసి ఉంటుందట. నాది మొదటి రోజుల అంబాసిడర్, దానిలో ప్లస్సు ఇనుముకు కలిసి ఉంది. ఫ్యానుకు కరెంటు తలకిందులుగా వెళ్ళి రెక్కలు తిరగేసి తిరుగుతున్నాయి. చూడకుండా చెప్పడం నాదే తప్పు అన్నాడు ఆయన. బ్యాటరీ మీద గుర్తులు చూసి కూడా అడగనిది నేను అన్నాను.

“గాలి అయితే వస్తాంది గదా,” అంది ఖాజాబీ గుమ్మంలో నిలబడి. “మీ దోస్తును ఫ్యాను ఎనక కూర్సోబెట్టండి.”

ముగ్గురం నవ్వాం. అంతగా నవ్వి నాకు చాలా రోజులైంది. ఫ్యాను దగ్గర రెండు వైర్లు తారుమారు చేశాను. ఈసారి నూగు ఎగిరి నా కళ్ళద్దాల మీద పడింది.

ఆ సాయంత్రం లాడ్జిలో గుమాస్తా ఒక్కరేనా అని అడిగాడు. రేపు ఇద్దరమని, అడగకపోయినా చెప్పాను. రెండు మంచాల గదే ఉందని ఇచ్చాడు. హోటల్లో పండగని ఓలిగలు, అదే బొబ్బట్లు, వేశారు. ఇక్కడ ఓలిగ మీద నెయ్యితో పాటు పాలు కూడా పోస్తారు. మా వైపు నెయ్యి ఒక్కటే. శారద ఈ ఊళ్ళో ఉన్నప్పుడు నేర్చుకుని అనంతపురంలో కూడా పాలు పోసేది. తిరిగి గదికి వచ్చి, రెండో మంచం మీద నా సంచి పెట్టి పడుకున్నాను.

పెద్దకడుబూరు దారి

దశమి పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఈ ఉగ్గాని అనంతపురంలోనూ దొరుకుతుంది గానీ బజ్జీ ఇంత కారంగా ఉండదు. ప్లేటు రూపాయిన్నర. కళ్ళలో నీళ్ళు చూసి సర్వరు అడగకుండానే చక్కెర తెచ్చాడు.

పూజ దించగానే దస్తగిరి మొదటి స్క్రూడ్రైవరుతో నా బండి దగ్గరికే వచ్చాడు. నేను బిగించిన స్క్రూలన్నీ ఒక చుట్టు తిప్పాడు. కొన్ని రెండు చుట్లు తిరిగాయి.

నేరు రోడ్డు తవ్వి ఉందని పెద్దకడుబూరు మీదుగా చుట్టు తిరిగి పొమ్మన్నారు. రెండు పక్కలా పత్తి, పీకి ఎండబెట్టిన శెనిక్కాయ. ఎదురుగా వచ్చే లారీల నిండా జనం, చేతుల్లో పొడుగాటి కర్రలు. ఆ రాత్రి దేవరగట్టు మీద కర్రల జాతరకు పోతున్నారు. లారీ పోయాక చాలాసేపు దుమ్ములో ముందు దారి కనిపించేది కాదు. అద్దాలు ఎత్తుకుని నేను కూడా ఉక్కలోనే కూర్చున్నాను.

దారిలో ఈరన్న అనే రైతు చెయ్యెత్తితే ఎక్కించుకున్నాను. వెనక కూర్చున్నాడు. పాయింటు పరీక్షకు మనిషి దొరికాడని ఫ్యాను వేశాను. మొహం మీద గాలి తగలగానే తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఎవురికి సామీ ఈ గాలి?”

చెప్పాను. మా ఊరికి తెచ్చుకుంటున్నానని, ఇక నాతోనే ఉంటాడని.

“మీ ఇంట్లో ఇంకెవురుంటారు?”

ఎవరూ లేరన్నాను. దిగేటప్పుడు తలపాగా గుడ్డలోంచి పచ్చి శెనిక్కాయలు తీసి, సీటు మీద రెండు కుప్పలు పోసి పోయాడు.

ఎమ్మిగనూరు

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలోకి ఎప్పుడు వచ్చినా ముందు చెవులకు తెలుస్తుంది. ఆ రోజు చప్పుడే లేదు. మగ్గాలకూ పూజ చేసి మూసిపెట్టారు. వెంకోబరావు ఆ వీధిలోనే ఇల్లు మారాడు, కొత్త ఇల్లు నేను చూడలేదు. వెంకోబరావు ఇల్లేదని నలుగురిని అడిగాను. నలుగురూ తల అడ్డంగా ఊపారు. తెలుగు చెప్పే అయివారు, ఆయాసం మనిషి అన్నాక, అరుగు మీద నూలు కండెలు సర్దుతున్న లక్ష్మక్క అనే ఆమె లేచింది.

“కమలమ్మ అయివారా? అట్ల సెప్పండి మరి. ఆ పేరు యాడుంది ఈడ?”

పక్క ఇల్లే. వెంకోబరావు తెల్లపంచె కట్టుకుని, ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. సగం అయ్యాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. ట్రంకు, పరుపుచుట్ట, కమలమ్మ ఫోటో, అంతే సామాను. వీధి ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. పాలామె, నూలు పంచే ఆయన, లక్ష్మక్క, అందరూ కమలమ్మ అయివారూ అనే పిలిచారు. కమలమ్మ ఉన్నప్పుడు ఆ వీధి ఆడవాళ్ళకు సంతకం చేయడం నేర్పిందట. అప్పటి నుంచి ఏ ఇంట్లో ఉన్నా అది ఆమె ఇల్లు, ఆయన ఆమె తాలూకు మనిషి.

వెనక సీటులో దిండ్లు పెట్టి వాలించాను. అద్దాలు ఎత్తి ఫ్యాను వేశాను. కొంతదూరం పోయేసరికి ఊపిరి కుదుటపడింది. అతని బుగ్గల్లోకి రంగు రావడం అద్దంలో చూశాను. ఫ్యాను తిరగేసి తిరిగిన కథ చెబితే నవ్వాడు, దగ్గు రాకుండానే. ఊరి బయట జమ్మి చెట్టు దగ్గర జనం ఉన్నారు. ఎవరో అద్దం సందులోంచి జమ్మి ఆకు ఇస్తే వెంకోబరావు దాన్ని నా చేతిలో పెట్టాడు. పొలిమేర రాయి దాటాం. సీమోల్లంఘన అయింది. వంట ఎవరు చేయాలి, పొద్దున కాఫీ ఎవరు పెట్టాలి, నేను చెప్పుకుంటూ పోతున్నాను.

“శేషప్పా,” అన్నాడు. “మీ కాలనీలో నన్ను ఏమని పిలుస్తారప్పా?”

“వెంకోబరావు గారని పిలుస్తారు. ఇంకేమని పిలుస్తారు?”

అతను పక్కనున్న కమలమ్మ ఫోటోను ఒళ్ళోకి తీసుకున్నాడు.

“కమల పోయి ఆరేండ్లాయె. పొద్దున లేస్తే ఆమె పేరు నాలుగుసార్లన్నా చెవిన పడుతుంది నాకు. నేనేమీ చేయనక్కర లేదు. ఊరికే అరుగు మీద కూర్చోని ఉంటే చాలు. ఆడికొస్తే ఎవరంటారు?”

నేనంటానని చెప్పబోయాను. అతను ఇంకొకటి అడిగాడు.

“శారద పేరు అంటారా ఎవరన్నా, మీ దగ్గర?”

“మా ఇండ్లకు నెంబర్లుంటాయి,” అన్నాను.

కారు పక్కకు తీసి ఆపాను. కోపం వచ్చింది నాకు. ఆ దుమ్ము నిన్ను మింగేస్తుంది, ఈ చలికాలం దాటవు అన్నాను. అనకూడని మాట, కానీ డాక్టరు అన్నదే. పాయింటు బిగించుకుని ఇంత దూరం ఎందుకు వచ్చినట్టు అని కూడా అన్నాను.

“గాలి చానా బాగుందప్పా. అబద్ధం కాదు, చానా బాగుంది,” అన్నాడు. “తిప్పు.”

తిప్పాను.

మళ్ళీ మగ్గాల వీధి

సాయంత్రానికి వీధిలో కరెంటు పోయింది. ఇంట్లో కూర్చోలేక అతనికి ఆయాసం మొదలైంది. కారు గుమ్మం ముందే ఉంది కాబట్టి ఇద్దరం దానిలోనే కూర్చున్నాం, అద్దాలు ఎత్తి, ఫ్యాను వేసి. ఈరన్న ఇచ్చిన శెనిక్కాయలు ఒలుచుకుంటూ బడిలో పనిచేసిన రోజుల గురించి మాట్లాడుకున్నాం. ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు తలుపు తెరిచి, గాలికి చెయ్యి పెట్టి చూసి పోయారు. అయివారు యాడికీ పోలేదని లక్ష్మక్క వీధంతా చెప్పి వచ్చి, జొన్నరొట్టె, శెనిక్కాయ పచ్చడి అందించింది. నన్ను చూసి అడిగింది:

“మీ ఇంట్లో ఆమె పేరేంది సామీ?”

“శారద,” అన్నాను.

తింటూ తింటూనే వెంకోబరావు దిండుకు వాలి నిద్రపోయాడు. అట్లా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఊపిరి చప్పుడు లేకుండా పోయి వస్తోంది. ఇంజను నడవకుండా ఫ్యాను వేసి ఉంచితే బ్యాటరీ దిగిపోతుందని నాకు తెలుసు. స్విచ్చి మీద రెండుసార్లు చెయ్యి పెట్టాను. కట్టేయలేకపోయాను.

సోమవారం పొద్దున కీ తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. హ్యాండిలు పెట్టి తిప్పి చూశాను. నా భుజానికి అది లొంగలేదు. వెంకోబరావు తొయ్యడానికి వస్తే లక్ష్మక్క కసిరి అరుగు మీద కూర్చోబెట్టింది. అప్పుడప్పుడే మగ్గాలు విప్పుతున్నవాళ్ళు పని వదిలి వచ్చారు. ఆడా మగా కలిసి పదిమంది దాకా కారు వెనక చేతులు పెట్టారు. పోయే ముందు అతనితో చెప్పాల్సిన మాటలు కొన్ని అనుకుని ఉంచుకున్నాను. బండి స్టార్టయ్యాక ఆపి, దిగి చెబుదామనుకున్నాను.

వీధి మలుపు దగ్గర క్లచ్చి వదిలాను. ఇంజను దగ్గి, ఆగబోయి, అందుకుంది. నా కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది. వెనక నుంచి లక్ష్మక్క కేక వినిపించింది.

“శారదమ్మ అయివారూ, నిలపాకండి. నిలిపితే మళ్ళా లేయదు. పోనీండి.”

పక్కనున్న ఆడవాళ్ళు కూడా అందుకున్నారు. శారదమ్మ అయివారూ, పోనీండి, పోనీండి.

కాలు తీసేశాను. అద్దంలో చూస్తే వెంకోబరావు అరుగు దిగి రెండడుగులు వేశాడు. చెయ్యి ఊపడానికి ఎత్తాడో, దగ్గుకు నోటి దగ్గర అడ్డం పెట్టుకున్నాడో, నా బండి లేపిన దుమ్ములో తెలియలేదు. ఆదోని దాకా ఇంజను ఆపలేదు.